సందేహమునకు వెల

ఒక వస్తువు అరుదైనదై, చూచుటకు ముచ్చటైనదై, అమ్మువాడు ఎదుట నిలిచి తొందరపెట్టుచుండగా, అది అసలైనదో కాదో తేల్చుకొనలేక, జేబులోనికి పోయిన చేయి బయటికి రాక ఆగిపోవుట సేకరణాసక్తి గలవారికెల్ల అనుభవములోని విషయమే. కాని ఈ తటపటాయింపు ఒకప్పుడు మన హైదరాబాదున రాచకార్యమై, కలకత్తా హైకోర్టు మెట్లెక్కి, సింహాసనముపై నున్న ప్రభువుచేతనే సాక్ష్యము చెప్పించినదన్న సంగతి నేడు బషీర్‌బాగ్ కూడలి నుండి ఆబిడ్స్ వైపు సాగిపోవు జనసందోహములో ఎందరికి జ్ఞాపకమున్నదో చెప్పలేము. ఆ రెండు పేటల పేర్లును ఆ కథలోని పాత్రల పేర్లే యగుట విశేషము.

1891లో సిమ్లా నగరపు రత్నవర్తకుడు అలెగ్జాండర్ మాల్కమ్ జేకబ్, కిప్లింగ్ వ్రాసిన ‘కిమ్’ నవలలోని లుర్గన్ సాహెబు పాత్రకు మూలపురుషుడని చెప్పుకొనబడువాడు, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఒక మహావజ్రమును అమ్మజూపెను. దక్షిణాఫ్రికా గనులలో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సానపట్టబడి, 184 కేరట్లకు పైగా తూగు ఆ రత్నమునకు 46 లక్షల రూపాయలు వెలగా నిర్ణయమయ్యెను. నిజాము అంతవరకు చూచినది వజ్రమును కాదు, దాని అనుకృతిని మాత్రమే. కనుక అసలు రత్నమును కన్నులార చూచిన మీదట నచ్చినచో కొనుట, నచ్చనిచో విడిచిపెట్టుట అను ఏర్పాటుతో 23 లక్షలు ధరావతుగా నుంచబడెను. ఈ బేరమున రాయబారము నడపినవాడు ప్రభువు ఆంతరంగిక పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిడ్. అతని దుకాణము పేరు మీదనే నేటి ఆబిడ్స్ వెలసినది. అప్పటి ప్రధానమంత్రి సర్ ఆస్మాన్‌జా. ఆయనకే బషీరుద్దౌలా అని బిరుదము. ఆయన ప్యాలెస్ ఉండిన తావే బషీర్‌బాగ్. ఆ ప్యాలెస్ కూలిపోయి పేరు మాత్రము నిలిచినది.

వజ్రము వచ్చినది. ప్రభువు చూచి, నచ్చలేదని ప్రక్కన పెట్టెను. ధరావతు సొమ్మో, అప్పటికే వజ్రమును తెప్పించుటకై ఖర్చయిపోయినది. బ్రిటిషు రెసిడెంటు మొదటినుండియు ఈ కొనుగోలునకు విముఖుడు. సొమ్ము తిరిగి రాకపోవుటతో జేకబ్‌పై నేరారోపణ జరిగి, కలకత్తాలో విచారణ సాగి, నిజాము సాక్ష్యమును హైదరాబాదుననే కమిషను ద్వారా తీసికొని, కట్టకడపట 1891 డిసెంబరులో జేకబ్ నిర్దోషిగా విడుదలయ్యెను; కాని కీర్తియు వ్యాపారమును దెబ్బతిని అతడు మరి కోలుకొనలేదు. పిమ్మట ఏదో రాజీతో వజ్రము నిజాము చేతనే మిగిలినది. తండ్రి జోడు ముందుభాగమున దూర్చియుండగా ఏడవ నిజాము దానిని కనుగొని కాగితములపై బరువుగా వాడుకొనెనని ప్రతీతి. 1995లో భారత ప్రభుత్వము నిజాము ఆభరణములలో 173 వస్తువులను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఈ వజ్రమును వాటితోపాటు జాతిపరమైనది.

నేనీ కథను ఇంత వివరముగ చెప్పుటకు కారణము కలదు. ఆ వజ్రము నకిలీ కాదు; అది అసలైనదేయని ఇరుపక్షములును ఒప్పుకొన్నవే. అయినను ఇంత రచ్చ జరిగినది. ఏలయన, సొమ్ము ఎవరి చేత నుండవలెను, నచ్చనప్పుడు తిరిగి ఇచ్చుటకు గడువెంత, నచ్చుట నచ్చకపోవుటను నిర్ణయించువాడెవడు, మధ్యవర్తికి ముట్టునదెంత అన్న విషయములు బేరమునకు ముందే స్పష్టముగ తేలలేదు. సందేహాస్పదమైన వస్తువును కొనుట గురించి మాటలాడువారు సాధారణముగ ‘ఇది అసలా, నకిలీయా’ అన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని వ్రేలాడుదురు. నా అభిప్రాయమున అది రెండవ ప్రశ్న. సందేహము నిజమైన పక్షమున ఆ నష్టమును ఎవరు భరించవలెనన్నది మొదటి ప్రశ్న. దీనికి సమాధానము దొరకిన చోట, వస్తువు సంగతి నింపాదిగా విచారించుకొనవచ్చును; దొరకని చోట, వస్తువు అసలైనదైనను బేరము చెడ్డదే.

ఇప్పుడు సామాన్యుల అంగడికి వత్తము. ఆదివారమున ఆబిడ్స్‌లో దుకాణములు మూసినప్పుడు, ఆ మెట్లమీదను కాలిబాటలమీదను పాత పుస్తకముల సంత పరచుకొనుట అందరెరిగినదే. పుస్తకముల నడుమ అచ్చటచ్చట ఒక గుడ్డపై కొన్ని రాగి బిళ్ళలు, రెండు వెండి రూపాయలు, ప్లాస్టిక్ కవరులో నాలుగు నోట్లు, అంచులు చిరిగిన ఒక తపాలాబిళ్ళల ఆల్బము ప్రత్యక్షమగును. అచ్చట వినబడు సంభాషణకు పెద్ద వైవిధ్యము లేదు.

“అసలుదేనా?”

“మా తాతల కాలం నుంచి ఇంట్లున్నది సార్. అసలు మాల్.”

“తూకం వేయించుకొని వస్తాను, ఉంచుతావా?”

“తూకం ఎందుకు సార్, మోగించి చూడండి. మీరు పోయొచ్చేసరికి ఉంటదని చెప్పలేను.”

ఈ కడపటి మాటయే అమ్మకపు రహస్యము. తాతలు, ఇల్లు, కట్టెపెట్టె, హఠాత్తుగ వచ్చిన అక్కర, వెనుక నిలుచున్న మరియొక కొనుగోలుదారు: ఇవి వస్తువునకు సాక్ష్యములు కావు, తొందరకు సాధనములు. అయితే అమ్మువారందరును మోసగాండ్రని నా తాత్పర్యము కాదు. కాలిబాటమీది వ్యాపారికే చాలసార్లు తన వద్దనున్నది ఏమిటో తెలియదు. నకిలీని అసలని నమ్మి అమ్ముట యెంత సహజమో, అసలును నకిలీ ధరకు వదలుకొనుటయు అంత సహజమే. ఆ రెండవ ఆశయే మనలను ప్రతి ఆదివారమును అచ్చటికి లాగుకొనిపోవుచున్నది.

బొత్తిగా విచారణకే తగని నకిలీలు కొన్ని కలవు. వాటిని త్వరగా దాటిపోవుదము. ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అనియో 1616 అనియో సంవత్సరమును, సీతారాముల పట్టాభిషేకమును ఒకే బిళ్ళమీద చెక్కిన నాణెములను కంపెనీ ఏనాడును ముద్రింపలేదు; అవి తరువాతి కాలపు కల్పనలు. వీటికి బియ్యపు గింజలను లాగుకొను శక్తి కలదని, ‘రైస్ పుల్లింగ్’ అను పేర కోట్ల రూపాయల ఆశ చూపి, తెలుగు జిల్లాలలో చదువుకొన్నవారిని సైతము ముంచినవారి వార్తలు పత్రికలలో ఏటేట చదువుచునే యున్నాము. పాత నోట్లకు, నాణెములకు లక్షలిత్తుమని చెప్పి ముందుగా రుసుము గుంజువారి విషయమున రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. వీటియందు ప్రామాణికతా సమస్య లేదు, దురాశా సమస్య మాత్రమే కలదు.

విచారింపదగినది నిజాముల ఆసఫ్‌జాహీ రూపాయ. చేతిలోనికి ఒకదానిని తీసికొందము. ఒక ముఖమున చార్మినారు. దాని నడిమి ద్వారములో ఒక చిన్న ఉర్దూ అక్షరము. ద్వారములో ‘మీమ్’ ఉన్నచో అది మహబూబ్ అలీఖాన్ కాలపుది; ‘ఐన్’ ఉన్నచో ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలపుది. 1329 హిజ్రీలో, అనగా 1911లో, ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన తొలి రోజుల నాణెములపై ఈ ‘ఐన్’ పూర్తిగా లేక సగమే యుండు రకము ఒకటి కలదు. సేకర్తలు దానికై ఎక్కువ వెల పెట్టుదురు కనుక, పూర్తి అక్షరమును గీకి సగము చేయు హస్తకౌశలము పుట్టుట ఆశ్చర్యము కాదు. ద్వారపు లోపలి తలము చుట్టునున్న తలముకన్న ఏమాత్రము పల్లమైనను, అచ్చట లోహపు మెరుగు వేరుగ నున్నను, భూతద్దము చెప్పివేయును. నాణెముపై కనబడు 92 అను అంకె సంవత్సరము కాదు. అరబీ అక్షరముల అబ్జదు లెక్కలో ముహమ్మద్ అను నామమునకు సరియగు సంఖ్య. దానిని చూచి 1892 నాటి నాణెమని చెప్పు అమ్మకందారునితో వాదింపనక్కరలేదు. అతని తక్కిన మాటల విలువ యెంతో తెలిసిపోయినది, అంతే చాలును.

అటుపిమ్మట లెక్క. ఈ నాణెములపై హిజ్రీ సంవత్సరమే కాక, ప్రభువు గద్దెనెక్కినది మొదలు ఎన్నవ ఏడో తెలుపు జులూస్ సంఖ్యయు నుండును. ఉస్మాన్ అలీఖాన్ నాణెమైనచో హిజ్రీ సంవత్సరమునుండి 1329 తీసివేయగా మిగిలిన అంకెయో, దానికి ఒకటి కలిపిన అంకెయో జులూస్ సంఖ్య కావలెను. 1340 హిజ్రీ నాణెముపై 11 గాని 12 గాని ఉండవచ్చును. 5 ఉన్నచో ఏదో ఒక ముఖమును మరియొక ముఖముతో జతచేసినవాడు లెక్కలు చదువుకొనలేదని అర్థము. అట్లే 1858కి ముందటి హైదరాబాదు నాణెములు మొగలు చక్రవర్తుల పేరుతో ముద్రింపబడినవి. చక్రవర్తిత్వము అంతరించిన పిదపనే నిజాము అఫ్జలుద్దౌలా కాలమున ఆసఫ్‌జా పేరు నాణెమునకెక్కినది. చార్మినారు బొమ్మ అంతకంటెను చాల తరువాతిది. 1903లో సైఫాబాదు టంకశాల నెలకొని, యంత్రముతో ముద్రణ సాగిన కాలమునకు చెందినది. కనుక చార్మినారు బొమ్మయు మొగలు పాదుషా పేరును ఒకే రూపాయపై చూపువానిని చరిత్రయే పట్టి ఇచ్చును.

లోహపరీక్ష ఇంటివద్దనే కొంతవరకు చేసికొనవచ్చును. హాలీ సిక్కా అనబడు ఈ నిజాము రూపాయ 11.178 గ్రాములు తూగవలెను. అందు వెయ్యింట 818 పాళ్ళు వెండి. కల్దారు అనబడు బ్రిటిషు రూపాయ 11.66 గ్రాములు, వెయ్యింట 916కి పైగా వెండి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు సమానమన్న మారకపు రేటు రెండిటిలోని వెండి నిష్పత్తికి దాదాపు సరిపోవుట ఈ అంకెలతో గుణించి చూచువారికి తెలియగలదు. ఇక నాణెమును సన్నని దారమున కట్టి, తక్కెడపై నుంచిన గాజుపాత్రలోని నీటిలో మునుగునట్లు వ్రేలాడదీసినచో, తక్కెడ చూపు బరువులో కలుగు పెరుగుదల ఆ నాణెము తొలగించిన నీటి బరువు. ఆ లోహమిశ్రమమునకు సుమారు 1.10 గ్రాములు పెరుగవలెను. రాగి, నికెలు కలిపిన నకిలీకి 1.25 గ్రాములకు చేరును. తేడా స్వల్పమే, గ్రాములో నూరవ వంతు చూపు త్రాసు కావలెను, అది నేడు కంసాలి వద్దనే కాదు, ఇంటింటను దొరకునంత చవుక. నాణెమును మోగించి చూచుట మాత్రము నాకు నమ్మకము లేని పరీక్ష. పగులున్న అసలు నాణెము మూగవోవును. చక్కగా పోతపోసిన నకిలీ తియ్యగా మ్రోగును.

పోతపోయుట అనగా జ్ఞాపకము వచ్చినది. ముద్ర కొట్టిన నాణెమునందు అక్షరముల అంచులు పదునుగను, తలము నునుపుగను ఉండును. అసలు నాణెమునుండి అచ్చు తీసి పోసిన నకిలీయందు అంచులు మెత్తబడి, తలముపై సూదిమొన పొడిచినట్లు సన్నని గుంటలు కనబడి, ప్రక్క అంచు చుట్టును ఒక అతుకు గీత దాగియుండును. కొందరు దానిని ఆకురాయితో రుద్ది మాపుదురు. అప్పుడు గీత పోవునుగాని, గీతకు మారుగ అడ్డదిడ్డమైన రాపిడి గుర్తులు వచ్చును.

కాని లోహపరీక్ష నెగ్గినంత మాత్రమున వస్తువు విలువ స్థిరపడదు. మన యిండ్లలో దీపావళినాడు లక్ష్మీపూజకు బయటికి తీసి, చింతపండుతోను విభూతితోను తళతళలాడ తోమి, మరల పెట్టెలో దాచిన రూపాయలెన్నో కలవు. అవి వెండికి లోటు లేనివి, దైవభక్తికి లోటు లేనివి, సేకర్త దృష్టికి మాత్రము ముఖము కడిగి పోగొట్టుకొన్నవి. లంబాడీ స్త్రీలు రూపాయలను హారములుగ ధరించుట కలదు. అట్టి హారమునుండి విడదీసిన నాణెముపై తలకట్టున కొక్కెము అతికిన మచ్చ నిలిచిపోవును. దానిని నింపి, మెరుగుపెట్టి, మచ్చలేనిదిగ అమ్ముదురు. ఇది నకిలీయా? కాదు. అసలా? అసలే, కాని ‘బాగోగులు చెడనిది’ అను మాట అబద్ధము, ధరలో సగముపైన ఆ మాటకే యిచ్చుచున్నాము. సందేహము వస్తువుపై గాక వర్ణనపై నుండు ఈ తరగతి బేరములే సంఖ్యలో ఎక్కువ.

తపాలాబిళ్ళల విషయమున చిక్కు ఇంకను సూక్ష్మము. నిజాము రాజ్యపు తొలి బిళ్ళ 1869లో వెలువడిన ఒక అణా బిళ్ళ. మరుసటి యేట అర్ధణా, రెండణాల బిళ్ళలు స్థానికముగ ముద్రణ పొందినవి. 1880లో వీటి ప్రతులను మరల ముద్రించిరి. అసలు రంగులలోనే కాక, ఎన్నడును వాడని రంగులలోను తీసిరి. ఇవి దొంగముద్రలు కావు. ఆధికారికముగ జరిగిన పునర్ముద్రణలు. అయినను తొలి ముద్రణకును వీటికిని ధరలో హస్తిమశకాంతరము. కాగితము తెలుపు, అంచున రంధ్రముల కొలత, సిరా ఛాయ: ఈ మూడింటిని పట్టి చూడగల నేర్పు లేనివాడు పునర్ముద్రణను తొలి ముద్రణ ధరకు కొనును.

అంతకంటె మోసకరమైనవి ‘సర్కారీ’ అను ఉర్దూ ముద్ర వేయబడిన కార్యాలయపు బిళ్ళలు. 1873 ప్రాంతమునుండి, ప్రభుత్వ వ్యవహారములకై సామాన్య బిళ్ళలపైననే ఆ ఒక్క మాటను అచ్చువేయు పద్ధతి వచ్చినది. బిళ్ళ అసలైనది, కాగితము అసలైనది, రంధ్రములు అసలైనవి, రబ్బరు ముద్ర ఒక్కటి చేయించుకొన్నవాడు పది రూపాయల బిళ్ళను అరుదైన బిళ్ళగ మార్చగలడు. దొంగముద్రలు విరివిగ పుట్టినవన్న మాట సేకర్తలకెల్ల తెలిసినదే. ఇట్టిచోట నియమమొక్కటే నాకు సమ్మతము: ముద్ర సిరా తపాలా రద్దు ముద్ర క్రిందనున్నదా, పైననున్నదా చూడవలెను. కార్యాలయమున ముందు ‘సర్కారీ’ పడును, తరువాత తపాలా కచేరీలో రద్దు పడును. ఆ క్రమము తారుమారైనచో తక్కిన పరీక్షలు అక్కరలేదు. వాడని బిళ్ళపై ఈ ఆధారము లభింపదు కనుకనే, అరుదైన సర్కారీ బిళ్ళ శుభ్రముగ, జిగురుతో, కొత్తదనముతో కనబడినప్పుడు మురిసిపోవుటకు బదులు వెనుకంజ వేయుట మేలు. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి సంస్థల నిపుణసంఘములు బిళ్ళలను పరీక్షించి పత్రములిచ్చును; అయితే ఆ పత్రమునకగు ఖర్చు బిళ్ళ ధరను మించునప్పుడు ఎవరును పంపరు. మధ్యతరగతి ధరల బిళ్ళలలోనే మోసము వర్ధిల్లుటకు ఇదియొక కారణము.

నోట్ల సంగతి సంగ్రహముగ చెప్పవచ్చును. హైదరాబాదు రాజ్యపు కాగితపు కరెన్సీ 1918లో ఆరంభమైనది; నోటుపై ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడములును కానవచ్చును; సంవత్సరము ఫసలీ లెక్కలో నుండును. సంతకము చూచుట మంచి పరీక్ష: ఏ ఆర్థికమంత్రి ఏ సంవత్సరములలో పనిచేసెనో చరిత్రలో కలదు; అక్బర్ హైదరీ, తరువాత పాకిస్తాను గవర్నర్ జనరలైన గులాం మహమ్మద్, కడపట జి.ఎస్. మేల్కోటే సంతకములు ఆయా కాలములవే కావలెను. అతినీలలోహిత దీపము క్రింద నోటు కాగితము నీలపు తెలుపుతో ధగధగ మెరసినచో, అది రెండవ ప్రపంచయుద్ధానంతరము వ్యాప్తికి వచ్చిన మెరుగు రసాయనము కలసిన కాగితము. 1918 నోటు అట్లు మెరయరాదు. బషీర్‌బాగ్ నుండి ఆబిడ్స్‌కు వచ్చు దారిలో గన్‌ఫౌండ్రీ వద్ద, ఉస్మానియా సిక్కా అనబడు ఈ రాజ్యపు కరెన్సీ వ్యవహారమును చూచుటకై 1941లో ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు తొలి శాఖ మరుసటి యేట తెరవబడినది; నోట్ల వ్యాపారులు ఆ పరిసరములనే తిరుగుట చరిత్ర చేసిన చమత్కారము.

ఇక శాతవాహనుల సీసపు నాణెములను గురించి నా మాట కఠినముగ నుండును. సీసము కరగుట సులువు, పోతపోయుట సులువు, మట్టిలో కొన్నాళ్ళు పూడ్చినచో తుప్పు పట్టించుట సులువు. కనుక నకిలీలకు కొదువ లేదు. కాని నేను వద్దనుటకు కారణము అది కాదు. గోదావరి తీరమున కోటిలింగాల వద్ద సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణెములపై గోభద, నారన, కంవాయసిరి, సమగోప అను పేర్లు, తొలి శాతవాహన రాజైన సిముకుని పేరును బయటపడినప్పుడు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి వెల్లడింపగా, శాతవాహనుల ఆరంభము తెలంగాణముననే యన్న వాదమునకు బలము చేకూరినది. ఆ తరువాత పురావస్తుశాఖ అచ్చటనే త్రవ్వకములు సాగించినది. ఆ నాణెములు ఇన్నివేల రూపాయలని ఎవరైనను వెల కట్టవచ్చును. వాటి అసలు విలువ ‘కోటిలింగాల’ అన్న ఊరిపేరు. అదే నాణెము ఊరిపేరు లేకుండ ఆబిడ్స్ గుడ్డమీదికి వచ్చినచో, సిముకుని పేరున్నను దానితో ఏ వాదమును నిలబెట్టజాలము. అమ్మువాడు ఆ ఊరిపేరును చెరిపివేసియే అమ్మును, చెప్పినచో చిక్కున పడును గనుక.

చట్టమును ఇచ్చటనే చెప్పుట ఉచితము. నూరేండ్లు దాటిన నాణెము, శిల్పము, చిత్రపటము వంటివి, డెబ్బదియైదేండ్లు దాటిన వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము క్రిందికి వచ్చును; వాటిని వ్యాపారముగ అమ్ముటకు లైసెన్సు కావలెను, దేశము దాటించుట నిషిద్ధము. భూమిలో దొరకిన నిధి పది రూపాయల విలువ దాటినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేప చట్టము నిర్దేశించుచున్నది. మహబూబ్ అలీఖాన్ చార్మినారు రూపాయ నూరేండ్ల గీటును ఎప్పుడో దాటినది. అమెరికాలో నున్న అబ్బాయికి చూపుదమని సంచిలో వేసికొని విమానమెక్కు తాతగారికి ఆ సంగతి తెలియదు. చిత్రమేమనగా, ఇట్టి వస్తువులయందు నకిలీయైనచో పోవునది డబ్బు మాత్రమే; అసలైనచో కొన్నవాని మెడకు వ్యాజ్యము చుట్టుకొనవచ్చును. 1987లో జెనీవా వేలమునకు జహంగీరు కాలపు వెయ్యి మొహరీల బంగారు నాణెము, దాదాపు 12 కిలోల బరువు గలది, వచ్చినప్పుడు, అది నిజాము వంశపు నిధినుండి పోయినదేమోయని మన సి.బి.ఐ. దర్యాప్తునకు దిగినది. ఆ నాణెము అసలైనదన్నదే ఆ చిక్కునకు మూలము.

పెద్ద సంస్థలు మోసపోవన్న భ్రమ ఎవరికైన నున్నచో, పారిసులోని లూవ్ర్ మ్యూజియము కథ వినవలెను. 1896లో ఆ సంస్థ సైతఫర్నీసు రాజుదను బంగారు కిరీటమును 2 లక్షల ఫ్రాంకులకు కొన్నది. జర్మను పండితుడు ఫుర్ట్‌వెంగ్లర్ ఆనాడే అనుమానమును వెలిబుచ్చెను. లూవ్ర్ పెద్దలు దానిని అసూయగ కొట్టిపారవేసిరి. 1903లో ఒడెస్సా కంసాలి ఇజ్రాయెల్ రూఖొమోవ్‌స్కీ పారిసుకు వచ్చి, తానే చేసితినని చెప్పి, ఎదుటనే అందొక భాగమును మరల చేసి చూపెను. ఆ మ్యూజియము ఓడినది కంటిచూపు చాలక కాదు. ఇతరులు కొనిపోవుదురన్న భయము చేతను, కొన్న పిదప తప్పొప్పుకొనలేని అభిమానము చేతను. ఆదివారపు సంతలో “మీరు పోయొచ్చేసరికి ఉంటదని చెప్పలేను” అన్న మాట పని చేయునదియు అచ్చటనే.

అయినచో సందేహమున్న దేనిని కొనరాదా? అట్లన్నచో సేకరణయే ఉండదు. నూటికి నూరుపాళ్ళు నిశ్చయము కావలెనన్నవాడు పేరున్న వేలపు సంస్థలకు పోయి, ఆ నిశ్చయమునకు సరిపోవు వెల ఇచ్చి కొనుక్కొనవలెను. తక్కువ ధర కావలెనన్నవాడు సందేహమును తాను మోయవలెను. సగము ధరకు దొరకిన చార్మినారు రూపాయను నేనైనచో వెండి ధరకు కొంచెము పైన ఇచ్చి కొందును, అంతకు మించి అర్ధణాయైనను ఇయ్యను. తిరిగి ఇచ్చుటకు వారము గడువు చీటిపై వ్రాసి యిత్తునన్నవానికి మాత్రము మరికొంత పెంచుదును. చీటియనగా అమ్మినవాని పేరు, తేదీ, వస్తువు వర్ణన, ధర, ‘అసలు’ అను మాట. ఆ అయిదును వ్రాయుటకు వెనుదీసినవాడు తన వస్తువును గురించి తనకున్న నమ్మకమెంతో చెప్పకయే చెప్పుచున్నాడు. సర్కారీ బిళ్ళను కొనను. సీసపు నాణెమును ఉచితముగ ఇచ్చినను పుచ్చుకొనను, ఎచ్చట దొరకినదో చెప్పి మ్యూజియమునకు ఇమ్మందును.

కొనుటకు పూర్వము కన్ను పదును పెట్టుకొనుటకు మన చుట్టునున్న అవకాశములు చిన్నవి కావు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియము నాణెముల సంపదకు దేశమున పేరుగాంచినది. సైఫాబాదు పాత టంకశాలయందు 2022 జూన్‌లో మ్యూజియము తెరవబడినది. చార్మినారు రూపాయలు పుట్టిన యింటనే వాటి పుట్టుక చూచుట యెంత లాభమో, ఒక మధ్యాహ్నము అచ్చట గడపినవానికి తెలియును. అసలైనదానిని పదిసార్లు చూచిన కంటికి నకిలీ తనంత తానే వింతగ తోచును. నకిలీల లక్షణముల పట్టికను వల్లెవేసిన బుద్ధికి అట్లు తోచదు.

ఒక మాట సేకర్తల పక్షమున కాక, వారి వారసుల పక్షమున చెప్పవలసియున్నది. సేకర్త గతించిన పిమ్మట ఆల్బము ఇంట నుండదు. భార్యయో, కొడుకో సంచిలో వేసికొని మరల ఆబిడ్స్‌కే తెత్తురు. ఆ సేకర్తకు తన సర్కారీ బిళ్ళలలో ఏది అనుమానమో మనసునకు తెలియును, కాగితముపై లేదు. కొన్నవాడు దానిని అసలని కొనును. లేదా తక్కినవన్నియు అసలైనవైనను ఆ ఒక్కదానిని చూచి అన్నింటిని నకిలీ క్రింద లెక్కగట్టును. బిళ్ళ వెనుక పెన్సిలుతో వ్రాయుట తగదు గాని, దాని గడి క్రింద ఆల్బము పుటపై కొన్న తేదీ, ఇచ్చిన ధర, ‘ముద్ర సందేహాస్పదము’ అన్న రెండు మాటలు వ్రాసియుంచుటకు అర నిమిషము పట్టదు.